పగులగొట్టక లోపల చూచుట

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ దాటి తార్నాక చేరినచో, 1944లో పుట్టి నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యనబడు పరిశోధనశాల కనబడును. అచట ఎక్స్‌కిరణములతో స్ఫటికములలోని పరమాణువుల అమరికను గుర్తింతురు. ఒకే అమరిక మరల మరల వచ్చును గనుక అది సాధ్యము. నత్తగుల్ల వంపులకు అట్టి క్రమము లేదు. దానిని త్రిప్పుచు ఛాయలు తీసి, గణితముతో లోపలి రూపము కూర్చవలెను.

హౌన్స్‌ఫీల్డు తొలి ప్రయోగమునకు 9 దినములు పట్టెను. గామా కిరణములకు మారుగా ఎక్స్‌కిరణముల గొట్టమును పెట్టగా 9 గంటలాయెను. 1971లో మన రామచంద్రన్, లక్ష్మీనారాయణన్ లెక్కను తేలిక చేసిరి. 1982లో ఎలియట్, డోవర్ నత్తగుల్ల లోపలిని చూపిరి.

సూక్ష్మవివరము కావలెనన్న కిరణములు పుట్టు చోటు మిక్కిలి చిన్నది కావలెను. అచట విద్యుత్తు హెచ్చించిన లోహము కరగును. తగ్గించిన కాలము పెరుగును. 2003లో స్వీడను శాస్త్రజ్ఞులు కరగిన లోహపు ధారనే లక్ష్యముగా నిలిపిరి. ఇక కరగుట కేమున్నది!