ఎంత అన్నది రాయని చట్టం

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊరివాళ్ల పన్ను లెక్కలు చూసి బతికినవాణ్ణి. అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఆసుపత్రి మాటెత్తితే నాకు 302 అనే అంకె గుర్తొస్తుంది. అర్బానాలో ప్రొవెనా కవెనెంట్ అని ఒక కాథలిక్ ఆసుపత్రి ఉండేది. 2002లో ఇన్‌పేషెంట్లు, అవుట్‌పేషెంట్లు కలిపి సుమారు 1,10,000 కేసులు చూశారు. ధర్మవైద్యం అందింది 302 మందికి. బిల్లు రేట్ల ప్రకారం దాని విలువ 17 లక్షల డాలర్లన్నారు. ఆసుపత్రికి నిజంగా అయిన ఖర్చు 8,31,724. మాఫీ అడిగిన ఆస్తి పన్నేమో 11 లక్షల దాకా ఉంది. ఆ ఏడాది ప్రకటనలు బాగానే వేసుకున్నారు, ఒక్కదాంట్లోనూ ఉచిత వైద్యం ఊసు లేదు. 2010లో రాష్ట్ర సుప్రీంకోర్టు మినహాయింపు కుదరదని తేల్చేసింది.

లాభాపేక్ష లేని ఆసుపత్రుల ఫెడరల్ పన్ను మినహాయింపులో అసలు మెలిక 1969లో పడింది. అంతకుముందు, 1956 నాటి ఫెడరల్ పన్ను శాఖ నిబంధన సూటిగా ఉండేది: స్తోమతు ఉన్నంత మేరకు డబ్బు కట్టలేనివాళ్లకీ వైద్యం చెయ్యాలి. 1965లో వృద్ధులకి మెడికేర్, పేదలకి మెడికెయిడ్ వచ్చాయి. ఇక ఉచితానికి వచ్చేదెవరన్న వాదన బయల్దేరింది. 1969లో పన్ను శాఖ తలూపి, ఊరికి మేలు జరిగితే చాలంది. ఎమర్జెన్సీ తలుపు అందరికీ తెరిచి ఉండాలి, బోర్డులో ఊరి పెద్దలుండాలి, మిగులు సొమ్ము ఆసుపత్రికే ఖర్చవ్వాలి. ఎంత మేలు? ఆ అంకె మాత్రం వెయ్యలేదు. కెంటకీ పేదల సంఘాలు కోర్టుకెక్కితే, దావా వేసే అర్హతే మీకు లేదని 1976లో అమెరికా సుప్రీంకోర్టు పంపించేసింది. లెక్కలవాణ్ణిగా చెప్తున్నా, కొలత లేని మినహాయింపు మినహాయింపే కాదు, చందా!

తర్వాత సెనేటర్ గ్రాస్లీ గట్టిగా పట్టుకున్నాడు. 2009 నుంచి, ఆసుపత్రులు ఏటా పన్ను శాఖకిచ్చే ఫారం 990కి షెడ్యూల్ హెచ్ జతచెయ్యడం తప్పనిసరైంది. నాకు నచ్చిన కాగితం అది. ఉచిత వైద్యాన్ని బిల్లు రేటుకి కాదు, అయిన ఖర్చుకి చూపాలి. రాని బాకీల్ని వేరే భాగంలో రాయాలి. అధికారుల జీతాలు అసలు ఫారంలోనే ఉంటాయి, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. 2010 ఆరోగ్య సంస్కరణల చట్టం బిల్లు కట్టలేనివాళ్లకి చేసే సాయం నిబంధనలు రాసిపెట్టమంది, మూడేళ్లకోసారి ఊరి ఆరోగ్య అవసరాలు తేల్చమంది. ఎంత అన్నది మళ్లీ రాయలేదు. ఇల్లినాయ్ మాత్రం 2012లో ఆస్తి పన్నుకి కొలబద్ద పెట్టింది: మిగిలే పన్నుకి తగ్గకుండా సేవ చూపించాలి. కాకపోతే ఆ సేవలో, మెడికెయిడ్ ఇచ్చేది ఖర్చుకి చాలక వచ్చే నష్టాన్నీ కలుపుకోనిచ్చింది. అదీ తెలివి.

అమెరికాలో మనవాళ్లు విజిటర్ వీసా మీద అమ్మానాన్నల్ని తెచ్చుకుంటారు, గుండెపోటొస్తే క్రెడిట్ కార్డు తీస్తారు. ముందు ఆ ఆసుపత్రి లాభాపేక్ష లేనిదేమో చూడండి. లాభాపేక్ష లేనిదైతే, డిశ్చార్జ్ అయ్యాక వచ్చే మొదటి బిల్లు నుంచి 240 రోజుల దాకా సాయం దరఖాస్తు తీసుకోవాల్సిందే. ఎవరికి వర్తిస్తుందన్నది వాళ్ల నిబంధనల్లో ఉంటుంది, అడిగితే ఆ కాగితం ఉచితంగా ఇవ్వాలి. ఇంగ్లిష్ అంతగా రాని తెలుగువాళ్లు ఆ ప్రాంతంలో వెయ్యిమంది ఉంటే, తెలుగులోనూ ఇవ్వాలి.