పన్ను లెక్కను తిరుగదోడుట: తాఖీదునకు గల విలువ

వేలూరునకు పడమటి దిక్కున, పాలారు తీరమందు, విరించిపురము కలదు. అచటి స్వామికి మార్గబంధువని పేరు. మైసూరు సీమనుండి కంచికి మిరియపు బస్తాలతో పోవుచుండిన యొక వర్తకునకు దారిలో స్వామి తోడువచ్చెనని స్థలపురాణము చెప్పుచున్నది. వర్తకుడు భయపడునది దారిదోపిడికాండ్రకు మాత్రమే కాదు. ఒకసారి చెల్లించి తీర్చుకొన్న పన్నును ఏండ్లు గడచిన పిమ్మట అధికారి తిరిగి యడుగునేమో యను భయము కూడ వర్తకమునకు తోబుట్టువే. ఆ భయమునకు చట్టము వేసిన కట్టుబాట్లు ఎట్టివి, అవి యెట్లేర్పడెను అనునదియే యిచట విచారింపవలసిన విషయము.

విరించిపుర దేవాలయమందు శక సంవత్సరము 1347 నాటి, అనగా క్రీ.శ. 1426 ప్రాంతపు శాసన మొకటి కలదు. వీరప్రతాప దేవరాయ మహారాయల యేలుబడిలో, పడైవీటి రాజ్యమందలి కన్నడ, తమిళ, తెలుగు, లాట బ్రాహ్మణులు కూడి, ఇకమీదట వివాహములు కన్యాదానముగనే జరుపవలెననియు, బంగారము పుచ్చుకొనిగాని యిచ్చిగాని జరుపువారు రాజదండనకు పాత్రులై బ్రాహ్మణ్యమునుండి వెలియగుదురనియు ఒడంబడిక వ్రాసికొనిరి. ఇది పన్నును గూర్చినది కాదు. అయినను కట్టుబాటు చేయు విధానమున మూడు విశేషములు ఇందు కానవచ్చుచున్నవి. అది వ్రాతలో నున్నది. ఎవరికి వర్తించునో స్పష్టముగ చెప్పబడినది. ఆనాటినుండి ముందునకు నడచునదియే గాని, జరిగిపోయినదానిని త్రవ్వునది కాదు. పన్ను విధించు ప్రభుత్వమునుండి ప్రజలు కోరినదియు సారాంశమున నింతే. కాని పన్నుల చరిత్రమున నిది అంత సులభముగ లభింపలేదు.

కంపెనీవారి యేలుబడిలో ఈ సీమ ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండెను. 1911 లో చిత్తూరు జిల్లా వేరుగ నేర్పడువఱకు చిత్తూరే ఆ జిల్లాకు ముఖ్యపట్టణము. ఆ దినములలో చెన్నపట్టణ రాజధానియందు మగ్గములపైనను, అంగళ్లపైనను, చేతిపనులపైనను మొహతర్ఫా యను పన్ను వసూలు చేయబడుచుండెను. దత్తమండలములందు వర్తకుల లాభములపై వీసబడి యను పన్ను కలదు. ఊరికి మొత్తము నిశ్చయింపబడగా, వర్తకులు దానిని వీసముల చొప్పున తమలో పంచుకొనెడివారు. నేడు మన మెఱిగిన నోటీసు, సంజాయిషీ, అప్పీలు అను క్రమము ఈ పన్నులకు లేదు. వసూలుచేయు బంట్రోతు ఎదుట నేతగాని మాటకు విలువ తక్కువ.

ఈ దుఃస్థితిని బయటపెట్టినవారిలో తెలుగువాడైన గాజుల లక్ష్మీనరసు చెట్టి ముఖ్యుడు. ఆయన 1852 లో మదరాసు నేటివ్ అసోసియేషనును స్థాపించి, రాజధాని ప్రజల కష్టములను పార్లమెంటునకు విన్నవింపజేసెను. 1853 లో పార్లమెంటు సభ్యుడగు డాన్బీ సేమూరు ఈ దేశమునకు రాగా, ఆయనతో గూడ జిల్లాలు తిరిగి పన్నుల వసూలులో జరుగు హింసలను చూపెను. 1854 లో కామన్సు సభలో చర్చ జరుగుటయు, విచారణ సంఘము నియమింపబడుటయు దాని ఫలములు. ఆ సంఘము 1855 లో సమర్పించిన నివేదిక హింస వాస్తవమేయని ఒప్పుకొనెను. పన్ను న్యాయమైనదగుట చాలదు, అడుగు పద్ధతియు న్యాయమైనది కావలెనను మాట నాడు బలపడినది.

1860 లో జేమ్సు విల్సను ఈ దేశమున ఆదాయపు పన్నును ప్రవేశపెట్టెను. సంవత్సరమునకు 200 రూపాయలకు తక్కువ ఆదాయము గలవారు దానినుండి మినహాయింపబడిరి. చెన్నపట్టణపు గవర్నరు సర్ చార్లెసు ట్రెవెలియను దీనిని వ్యతిరేకించి, తన అభిప్రాయమును పత్రికలలో ప్రకటించినందున పదవినుండి వెనుకకు పిలువబడెను. ఆ పన్ను 1865 లో నిలిచి, మరల పలుమార్లు వచ్చి, 1886 చట్టముతో స్థిరపడినది.

తిరుగదోడుటకు సంబంధించిన నియమములకు నిజమైన మూలము 1922 చట్టమందలి 34వ సెక్షను. లెక్కకు రాక తప్పిపోయిన ఆదాయముపై, ఆ సంవత్సరము ముగిసిన పిదప ఒక యేడాదిలోపల మాత్రమే, నోటీసు పంపి మరల పన్ను నిర్ణయించుటకు అధికారము ఈయబడెను. 1939 లో ఆ గడువు పెంచబడెను: ఆదాయమును దాచినవారికి 8 ఏండ్లు, తక్కినవారికి 4 ఏండ్లు. గడువు పెరిగినకొలది కావలి కూడ పెరుగవలెను గదా. 1948 సవరణతో, ఆదాయము తప్పిపోయినదని నమ్ముటకు అధికారికి కారణముండవలెననియు, ఆ కారణమును వ్రాసి యుంచవలెననియు, కమీషనరు దానితో తృప్తి చెందవలెననియు నియమమేర్పడెను.

ప్రభుత్వపు పక్షమును కూడ చూడవలెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున కొందఱు పెద్ద లాభములను దాచిరి. ఒకడు దాచిన పన్ను నిజాయితీపరుని నెత్తిన పడును. అందుచే 1947 లో ప్రత్యేక విచారణ సంఘము నియమింపబడెను. కాని 34వ సెక్షనుక్రింద వచ్చువారికి గల రక్షణలు ఆ సంఘమునెదుట నిలుచువారికి లేకపోవుట సమానత్వమునకు విరుద్ధమని, సుప్రీంకోర్టు 1954 లో సూరజ్‌మల్ మోహతా కేసునందు ఆ చట్టభాగమును కొట్టివేసెను. దోషియని అనుమానింపబడినవానికిని విధానము ఒక్కటియే యని దీని భావము.

అయినచో నోటీసు కేవలము లాంఛనమా? ఈ ప్రశ్న తెలుగునాటినుండియే సుప్రీంకోర్టునకు పోయినది. నెల్లూరు ఆదాయపు పన్ను అధికారికి ప్రతిగా నడచిన నారాయణ చెట్టి కేసులో, 1958 లో, ఆ నోటీసు కార్యవిధానమందలి చిన్న మెట్టు కాదనియు, అది సక్రమముగ అందజేయబడిననే అధికారికి ముందునకు సాగు హక్కు కలుగుననియు, అది చెల్లనిచో దానిపై కట్టిన పునర్నిర్ణయమంతయు చెల్లదనియు న్యాయసూత్రము స్థిరపడెను. సుప్రీంకోర్టు చెప్పిన న్యాయము రాజ్యాంగపు 141వ అధికరణముచే దేశమంతటికిని శిరోధార్యము. కనుక నెల్లూరు కేసులో తేలిన సూత్రము వేలూరు వర్తకునకును, గుడియాత్తపు నేత వ్యాపారికిని సమానముగ చెందినది.

1960 నవంబరులో కలకత్తా డిస్కౌంటు కంపెనీ కేసు మఱియొక గీత గీచినది. ముఖ్య వాస్తవములను పూర్తిగ, నిజముగ తెలుపుట పన్నుదారుని విధి. వానినుండి ఊహింపవలసినదానిని ఊహించుట అధికారి పని. అధికారి తాను చేయని ఊహకు పన్నుదారుని తప్పుపట్టరాదు.

1961 చట్టము ఈ నియమములను 147 మొదలు 151 వఱకు గల సెక్షనులలో కూర్చెను. వ్రాసియుంచిన కారణములు పన్నుదారునకు తెలియు మార్గమును మాత్రము 2002 లో జీకేఎన్ కేసు సుగమము చేసినది: పన్నుదారుడు రిటర్ను దాఖలుచేసి కారణములు అడుగవచ్చును, అధికారి వానిని ఈయవలెను, ఆక్షేపణలు వచ్చినచో హేతువులతో గూడిన ఉత్తరువు వ్రాయవలెను. 2010 లో కెల్వినేటరు కేసు, క్రొత్త ఆధారము లేక అభిప్రాయము మారినంతమాత్రమున లెక్క తిరుగదోడరాదని చెప్పినది.

న్యాయస్థానములు చెప్పిన ఈ విచారణ 2021 లో 148ఏ సెక్షను రూపమున చట్టములోనికే ఎక్కినది. కొన్ని సందర్భములు తప్ప, తిరుగదోడు నోటీసునకు ముందే ఆధారములు చూపి సంజాయిషీ అడుగవలెను. గడువు సామాన్యముగ 3 ఏండ్లు, తప్పిపోయిన ఆదాయము 50 లక్షల రూపాయలు లేక అంతకు మించినచో 10 ఏండ్లుగ నుండెను. 2024 సెప్టెంబరు 1 నుండి అవి 3 ఏండ్ల 3 నెలలకును, 5 ఏండ్ల 3 నెలలకును మార్చబడెను. 2026 ఏప్రిల్ 1 నుండి అమలగునట్లు చేయబడిన 2025 నాటి క్రొత్త చట్టమందును ముందుగ సంజాయిషీ అడుగు పద్ధతి నిలుపబడెను.

ఈ చరిత్రయంతయు పరికించినచో, తిరుగదోడు అధికారమును ఎవ్వరును కాదనలేదని తెలియును. అడిగినది నాలుగు సంగతులు: వ్రాతలో తెలుపుము, కారణము చెప్పుము, గడువు దాటకుము, నా మాట వినుము. ఇవి దయచే ఈయబడినవి కావు. మగ్గపు పన్నునకు నలిగినవారి అర్జీలనుండియు, నెల్లూరువంటి ఊళ్లనుండి కోర్టు మెట్లెక్కినవారి పట్టుదలనుండియు వచ్చినవి. కావున పన్నుదారుడు తన లెక్కలను పదిలముగ దాచుకొనవలెను. తాఖీదు వచ్చిననాడు దాని తేదీని, అందులోని కారణమును ముందుగ చూచి, గడువులోపల జవాబు వ్రాయవలెను. రక్షణ చట్టములో నున్నను, దానిని అడుగువానికే అది తోడగును.