'పొగ రాదు' అన్నారని కొనేస్తున్నారా? కట్టెల పొయ్యి మీద ఈ నంబర్ ఉందో లేదో చూశారా?

చలికాలం తెల్లవారుజామున ఐదున్నరకు కర్మన్‌ఘాట్, మీర్‌పేట దాటి అల్మాస్‌గూడ వైపు వెళ్తే.. పాలప్యాకెట్ కంటే ముందు పొగ వాసన పలకరిస్తుంది. ఓ ఇంటి ముందు నీళ్ల బాయిలర్, ఇంకో డాబా మీద మూడు రాళ్ల పొయ్యి, కట్టుబడి నడుస్తున్న ప్లాట్‌లో వాచ్‌మెన్ కుటుంబం వంట. వంద, నూటయాభై గజాల ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉండే కాలనీల్లో ఒకరి పొయ్యి పొగ నేరుగా పక్కింటి కిటికీలోకే వెళ్తుంది. ఆ ఇంట్లో ఉబ్బసం ఉన్న పెద్దాయనో, పసిబిడ్డో ఉంటే ఆ పూటకు పంచాయితీ ఖాయం.

గ్యాస్ కనెక్షన్ ఉన్న ఇళ్లలోనూ కట్టెల పొయ్యి పూర్తిగా పోలేదు. వేడినీళ్లకు, పండగపూట మటన్‌కు, పెద్ద బగోనా ఎక్కించాల్సిన రోజుకు అదే కావాలి. అందుకే 'స్మోక్‌లెస్ చూల్హా', 'పొగ రాని పొయ్యి' అంటూ ఆన్‌లైన్‌లోనూ, స్టీల్ సామాన్ల షాపుల్లోనూ కనిపించే పొయ్యిలకు గిరాకీ. వీటిలో నిజంగా పొగ తగ్గించేవి ఉన్నాయి, పైన రేకు మాత్రమే మెరిసేవీ ఉన్నాయి. తేడా ఎలా కనిపెట్టాలి?

ముందు చట్టం సంగతి

కట్టెల పొయ్యికి చట్టంతో పనేంటి అనుకోవద్దు. 1981 నాటి వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టంలో సెక్షన్ 19 ఉంది. దాని ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఏ ప్రాంతాన్నైనా వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించొచ్చు. అక్కడ ఫలానా ఇంధనం కాల్చొద్దని, ఆమోదం పొందిన పరికరం తప్ప వేరేది వాడొద్దని ఆదేశించొచ్చు. అంటే 'ఆమోదించిన పొయ్యి' అనే మాట మన చట్టంలో నలభై ఏళ్లుగా ఉంది.

ఈ పద్ధతి బ్రిటన్‌లో అంతకంటే పాతది. 1952 డిసెంబర్‌లో లండన్‌ను రోజుల తరబడి కమ్మేసిన పొగమంచు వేల మందిని బలి తీసుకుంది. దాంతో 1956లో అక్కడ క్లీన్ ఎయిర్ చట్టం తెచ్చారు. ఇప్పటికీ పొగ నియంత్రణ ప్రాంతాల్లో మినహాయింపు జాబితాలో ఉన్న పొయ్యిల్లోనే కట్టెలు కాల్చాలి. ఇంగ్లండ్‌లో చిమ్నీ నుంచి పొగ వస్తే 175 నుంచి 300 పౌండ్ల వరకు జరిమానా వేయొచ్చు. 2021 మే నుంచి చిన్న మొత్తాల్లో పచ్చి కట్టెల అమ్మకాన్ని కూడా ఆపేశారు. తేమ 20 శాతం మించకూడదు. అక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఈ రూల్ బాగానే తెలుసు.

హైదరాబాద్‌లో ఇంటి పొయ్యిలకు అలాంటి జాబితా లేదు. అయితే గాలి ప్రమాణాలు అందుకోలేని నగరంగా 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాద్ పేరు ఉంది. చెత్త తగలబెట్టడంపై నిషేధం ఎప్పటినుంచో ఉంది. 2016 డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశం ప్రకారం మామూలుగా చెత్త కాలిస్తే 5,000, పెద్దమొత్తంలో కాలిస్తే 25,000 రూపాయల జరిమానా. నీళ్ల పొయ్యిలో ప్లాస్టిక్ కవర్లు, పాత చెప్పులు వేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ముంబైలో సంగతి ఇంకాస్త ముందుకెళ్లింది. కట్టెలు, బొగ్గుతో నడిచే బేకరీలు ఆరు నెలల్లో గ్యాస్‌కో, వేరే శుభ్రమైన ఇంధనానికో మారాలని 2025 జనవరిలో బాంబే హైకోర్టు ఆదేశించింది.

చూడాల్సిన నంబర్: ఐఎస్ 13152

మన దేశంలో కట్టెల పొయ్యికీ ఒక ప్రమాణం ఉందని చాలామందికి తెలీదు. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పోర్టబుల్ పొయ్యిల కోసం పెట్టిన నంబర్ ఐఎస్ 13152. 2013లో సవరించిన ఈ ప్రమాణం పొయ్యిలను రెండు రకాలుగా చూస్తుంది. ఫ్యాన్ లేకుండా మామూలు గాలితో మండేవి ఒకటి, చిన్న ఫ్యాన్ గాలి ఊదేవి రెండోది.

ఫ్యాన్ లేని పొయ్యి కట్టెలోని వేడిలో కనీసం 25 శాతం గిన్నెకు అందించాలి, ఫ్యాన్ ఉన్నది కనీసం 35 శాతం. గిన్నెకు చేరే ప్రతి మెగాజౌల్ వేడికి వదిలే పొగ రేణువులు ఫ్యాన్ లేని దాంట్లో 350 మిల్లీగ్రాములు, ఫ్యాన్ ఉన్న దాంట్లో 150 మిల్లీగ్రాములు దాటకూడదు. కార్బన్ మోనాక్సైడ్ రెండింటికీ 5 గ్రాముల లోపే ఉండాలి.

మెగాజౌల్ అంటే తల తిరుగుతోందా? ఇంటి లెక్కలో చూద్దాం. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ అయిపోయేలోపు మన గిన్నెలకు అందే వేడి దాదాపు 420 మెగాజౌళ్లు. అదే వంట మూడు రాళ్ల పొయ్యి మీద చేస్తే రెండు క్వింటాళ్లకు పైనే ఎండు కట్టెలు కావాలి. ప్రమాణం అందుకున్న ఫ్యాన్ లేని పొయ్యికి క్వింటా పైచిలుకు, ఫ్యాన్ పొయ్యికి దాదాపు 75 కిలోలు చాలు. కట్టెలు కొని వాడే ఇంటికి ఇదే అసలు ఆదా.

ఇప్పుడు పొగ లెక్క. అదే సిలిండరంత వంటకు ప్రమాణం అంచున ఉన్న ఫ్యాన్ లేని పొయ్యి దాదాపు 147 గ్రాముల పొగ రేణువులు వదులుతుంది. ఫ్యాన్ పొయ్యి అయితే 63 గ్రాములు. తగ్గుతుంది.. కానీ సున్నా కాదు. పైగా ఇవి ల్యాబ్‌లో, సైజుగా కోసిన ఎండు కట్టెతో వచ్చే అంకెలు. ఇంట్లో హడావుడిగా కుక్కిన కట్టెతో ఇంతకంటే ఎక్కువే వస్తుంది. కాబట్టి 'అస్సలు పొగ రాదు' అని రాసిన ఏ పొయ్యినైనా అనుమానించాల్సిందే.

షాపులో అడగాల్సింది ఒకటే మాట: 'ఐఎస్ 13152 టెస్ట్ రిపోర్ట్ ఉందా?' ఉంటే సామర్థ్యం ఎంత శాతం, రేణువులు ఎంత అన్నది అందులోనే దొరుకుతుంది. లేదంటే అది రేకు డబ్బాతో సమానమే, ధర ఎంతైనా సరే.

ఫ్యాన్ ఉన్నదా.. లేనిదా?

పొగ అంటే సరిగ్గా కాలకుండా బయటికొచ్చిన ఇంధనమే. మంచి పొయ్యిలో లోపలి గది చుట్టూ వేడి పోకుండా పొర ఉంటుంది, కట్టె కింద జాలి ఉంటుంది, పైన రంధ్రాల నుంచి వచ్చే గాలి ఆ పొగను మళ్లీ మండిస్తుంది. ఫ్యాన్ ఈ పనిని ఇంకా గట్టిగా చేస్తుంది. అంకెల ప్రకారం చూస్తే ఫ్యాన్ పొయ్యిదే గెలుపు.

వాడకంలోకి వచ్చేసరికి మాత్రం అంత సులువు కాదు. దానికి రెండు మూడు అంగుళాల ముక్కలు కావాలి, బ్యాటరీ చార్జింగ్ ఉండాలి, ఫ్యాన్ చెడితే మామూలు పొయ్యి కంటే ఎక్కువ పొగ పెడుతుంది. బెంగళూరు ఐఐఎస్‌సీ పరిజ్ఞానంతో వచ్చిన 'ఊర్జా' పొయ్యి ఇందుకు మంచి పాఠం. పంట వ్యర్థాలతో చేసిన గుళికలతో చక్కగా మండేది. లక్షల్లో అమ్ముడైంది. గుళికల ధర పెరిగాక చాలా ఇళ్లలో మూలన పడింది. పొయ్యి కంటే ముందు దాని మేత మీ దగ్గర దొరుకుతుందా అన్నది చూసుకోవాలి.

రోజూ కట్టెలు చీల్చే ఓపిక లేకపోతే పక్కనుంచి పొడవు పుల్లలు నెట్టే రాకెట్ రకం మేలు. అయితే దాని మంట నడిమధ్యకే కొడుతుంది. జొన్నరొట్టె పెనం నడుమ మాడి అంచు పచ్చిగా ఉంటుందని విసుక్కునేవాళ్లు ఉంటారు, అది నిజమే. బగోనా ఎక్కించి గరిటెతో బలంగా తిప్పే వంటకైతే అడుగు వెడల్పుగా, బరువుగా ఉన్నదే తీసుకోవాలి. తేలిక పొయ్యి ఒరిగిందంటే కాళ్ల మీద మరిగే కూర పడుతుంది.

సొంతంగా చేయించుకుందామనుకునే వాళ్లకూ దారి ఉంది. హైదరాబాద్ కేంద్రంగా జియోఎకాలజీ ఎనర్జీ ఆర్గనైజేషన్ తరఫున డాక్టర్ ఎన్. సాయి భాస్కర్ రెడ్డి తక్కువ ఖర్చు పొయ్యిల డిజైన్లు చాలా రూపొందించి, ఎవరైనా చేసుకునేలా అందరికీ అందుబాటులో పెట్టారు.

పొగగొట్టం పెడితే సరిపోతుందా?

వంటగదికి సరిపోతుంది, గల్లీకి కాదు. పొగగొట్టం పొగను తగ్గించదు, వేరే చోటికి పంపుతుంది. 1980ల నుంచి 2002 దాకా నడిచిన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం కింద దేశమంతా 3 కోట్లకు పైగా పొయ్యిలు కట్టారు. మసి పట్టిన గొట్టాలు శుభ్రం చేసేవాళ్లు లేక, పగిలిన మట్టి మెత్తేవాళ్లు లేక వాటిలో ఎన్నో పాతబడి పోయాయి. ఇళ్లు ఆనుకుని ఉన్నచోట గొట్టం పెడితే పక్కింటి డాబా గోడ కంటే ఎత్తుకు లేపాలి, నెలకోసారి మసి దులపాలి.

నీళ్ల బాయిలరే అసలు దొంగ

శివారు కాలనీల్లో కట్టెలు ఎక్కువగా తగలబడేది వంటకు కాదు, స్నానానికి. ఇక్కడ లెక్క చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 20 లీటర్ల చల్లటి బకెట్‌ను గోరువెచ్చగా కాకుండా బాగా వేడిగా, 45 డిగ్రీలకు తేవాలంటే కావాల్సిన కరెంటు 0.6 యూనిట్ లోపే. యూనిట్ 5 రూపాయల లెక్కన చూసినా 3 రూపాయలు. అదే నీళ్లకు మూడు రాళ్ల పొయ్యి దాదాపు కిలో కట్టె తింటుంది. కట్టె ఊరికే వస్తే తప్ప ఇందులో లాభం లేదు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు వస్తున్న ఇంటికైతే అసలు ప్రశ్నే లేదు. డాబా మీద ఎండ పడితే సోలార్ వాటర్ హీటర్ ఇంకా మంచిది.

ఏం కాలుస్తున్నారన్నదే సగం పొగ

కొత్త ఇళ్లు లేస్తున్న ఏరియాలో ఊరికే దొరికే ఇంధనం సెంట్రింగ్ చెక్క, ప్లైవుడ్ ముక్కలు, పాత తలుపులు. ఇవే అన్నిటికంటే ప్రమాదం. సెంట్రింగ్ చెక్కకు ఆయిల్ పట్టి ఉంటుంది, ప్లైవుడ్‌లో జిగురు రసాయనాలు, పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు. ఎంత ఖరీదైన పొయ్యి అయినా వీటిని శుభ్రంగా మండించలేదు.

తుమ్మ, సర్కారు తుమ్మ, వేప, సుబాబుల్ ఏదైనా సరే.. ఎండాలి. అప్పుడే కొట్టిన కట్టెలో దాదాపు సగం బరువు నీళ్లే. ఆ నీళ్లను ఆవిరి చేయడానికే మంట ఖర్చైపోయి పొగ కమ్ముతుంది. చీల్చి, రేకు కింద గాలి ఆడేలా పేర్చి, ఒక ఎండాకాలం ఆరబెట్టాలి. రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి. మండేటప్పుడు చివర నురగ వస్తుంటే అది ఇంకా పచ్చిదే.

బొగ్గుకు పొగ రాదు కదా?

ఈ మాటే ప్రాణాలు తీస్తోంది. బొగ్గుల కుంపటి నుంచి కంటికి పొగ కనిపించదు. కానీ రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. చలికి తట్టుకోలేక కుంపటి గదిలో పెట్టుకుని, తలుపులు మూసి పడుకున్న కుటుంబాలు తెల్లారి లేవని వార్తలు ఏటా చలికాలంలో వస్తూనే ఉన్నాయి. బీఐఎస్ ముద్ర ఉన్న పొయ్యికీ ఇదే రూల్. మూసిన గదిలో వద్దు, రాత్రంతా రాజేసి వదలొద్దు. పైనుంచి కట్టె నింపే గ్యాసిఫయర్ రకంలో వంట అయ్యాక బొగ్గు మిగులుతుంది. దాన్ని నీళ్లు చల్లి ఆర్పాకే లోపలికి తేవాలి.

చివరగా కొనేటప్పుడు షాపులోనే ఒకసారి వెలిగించి చూపించమనండి. అంటుకున్న మొదటి ఐదు నిమిషాలు ఏ పొయ్యి అయినా కొంచెం పొగ పెడుతుంది. ఆ తర్వాత కూడా గిన్నె అడుగున మసి దట్టంగా పడుతుంటే పక్కన పెట్టేయొచ్చు. లోపలి గది గొట్టం ఏడాది, రెండేళ్లలో కాలిపోయే భాగం కాబట్టి అది విడిగా దొరుకుతుందా, ఫ్యాన్ ఉంటే దాని గ్యారంటీ ఎన్ని నెలలు అన్నది బిల్లు మీదే రాయించుకోండి.