కందుకూరు ఏ జిల్లా?

మా నాన్నగారు కందుకూరు తాలూకాలో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఆయన పాఠం చెప్పే రోజుల్లో కందుకూరు నెల్లూరు జిల్లా. నేను బి.ఇడి. పూర్తిచేసి హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరేసరికి ప్రకాశం జిల్లా. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా ఒక ముక్క తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. మళ్ళీ 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కందుకూరును నెల్లూరులో కలిపారు. అప్పటికి నేను రిటైరయ్యాను కాబట్టి బతికిపోయాను. సోషల్ టీచరు జీతం తీసుకునేది చరిత్ర చెప్పడానికే అనుకుంటారు గానీ, సగం ఉద్యోగం పటాలు దిద్దడంతోనే సరిపోతుంది.

నాన్నగారి కాలానికి సోషల్ అనే మాటే లేదు. చరిత్ర వేరు, భూగోళం వేరు. భూగోళంలోనూ ఒక వరస ఉండేది. మొదట ఊరు, తర్వాత తాలూకా, జిల్లా, ఆ పైన మద్రాసు రాజధాని, ఆఖరికి ఇండియా, ప్రపంచం. స్కూల్లో గోడపటం లేదు. అందుకని ఆయన పెరట్లో తడి ఇసుక పోసి నెల్లూరు జిల్లాను చేసేవారట. పడమటి వైపు ఇసుక ఎత్తుగా పోస్తే వెలిగొండలు. వేలితో గాడి గీసి చెంబుతో నీళ్ళు వదిలితే పెన్న. నీళ్ళు పల్లం వెతుక్కుంటూ తూర్పు అంచుకు చేరేవి. మన ఏళ్ళన్నీ తూర్పుకే ఎందుకు పోతాయన్న ప్రశ్నకు అంతకంటే ముక్కుసూటి జవాబు నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఆ ఇసుక మీద అగ్గిపెట్టెలు వరసగా పేర్చి రైలుకట్ట వేసి, సింగరాయకొండ స్టేషన్ ఎక్కడుండాలో పిల్లల చేతే పెట్టించేవారు.

ఊరి నుంచి మొదలుపెట్టే ఈ పద్ధతికి మన దగ్గర చాలా పాత వరవడి ఉంది. అదెప్పుడూ బడిదాకా రాలేదు, అంతే. 1802లో లాంబ్టన్ దొర మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గొలుసులు పరిచి దేశాన్ని త్రిభుజాలుగా కొలవడం మొదలుపెట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లోని పటాలన్నీ ఆ కొలతల సంతానమే. అదే కాలంలో కాలిన్ మెకంజీ కూడా సర్వే చేస్తున్నాడు. 1815లో ఇండియాకు మొదటి సర్వేయర్ జనరల్ అయింది ఆయనే. కాకపోతే ఆయన వెంట ఏలూరుకు చెందిన కావలి సోదరులు ఉన్నారు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వీళ్ళూ వీళ్ళ మనుషులూ ఊరూరా తిరిగి కరణాలను అడిగి, శాసనాలు చూసి, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ ఇనాం ఎవరిది అన్నీ రాయించారు. అవే కైఫీయతులు. ఒక ఊరి భూగోళాన్నీ ఆ ఊరి జనం బతుకునూ ఒకేచోట రాసిన పని అంతకు ముందు ఈ స్థాయిలో జరగలేదని నా అభిప్రాయం. వాటిలో చాలా భాగం మద్రాసులో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరింది. లాంబ్టన్ గొలుసు మాత్రం గోడపటమై బడికొచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952-53 నాటి మొదలియార్ కమిషన్ సెకండరీ విద్యలో సాంఘిక శాస్త్రాన్ని ఒకే సబ్జెక్టుగా చెప్పమంది. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం విడివిడిగా కాక, పిల్లవాడికి తన చుట్టూ ఉన్న సమాజం అర్థమయ్యేలా కలిపి చెప్పాలని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. నేను చూసినంతలో జరిగింది వేరు. చాలామంది సోషల్ టీచర్లం చరిత్ర చదివి వచ్చినవాళ్ళం. జూన్ నుంచి చరిత్ర తీరిగ్గా నడిచేది. ఫిబ్రవరిలో భూగోళం పరుగులు పెట్టేది. రుతుపవనాలు రెండు పీరియడ్లలో వచ్చి వెళ్ళిపోయేవి.

ఆ పరుగులో కూడా భూగోళాన్ని బతికించింది మ్యాపు పాయింటింగే. పదో తరగతి పరీక్షలో ఆ ప్రశ్నకు మార్కులుండేవి కాబట్టి ఎవరూ వదలలేదు. ఇదంతా బట్టీ వ్యవహారమని ట్రైనింగుల్లో ఎగతాళి చేసేవారు. నేను ఒప్పుకోను. మిగతా సబ్జెక్టంతా పిల్లవాడు చెవితో విన్నదే. చేత్తో చేసింది ఇదొక్కటే. తెల్లకాగితానికి కొబ్బరినూనె రాసి, ఎండలో ఆరబెట్టి, అట్లాసు మీద పరిచి గీసుకునేవాళ్ళు. నూనె మరీ ఎక్కువైతే అట్లాసులో బంగాళాఖాతం జిడ్డోడేది. కాస్త డబ్బున్న పిల్లలు ప్లాస్టిక్ స్టెన్సిల్ కొనుక్కొచ్చేవాళ్ళు. రేవు పట్టణం పేరు సముద్రం వైపు రాయాలి, చుక్క మాత్రం నేల మీద పడాలి. ఈ ఒక్క నియమం చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. విశాఖను సముద్రంలో ముంచినవాళ్ళు ప్రతి బ్యాచిలోనూ ఉండేవారు. కొల్లేరును, పులికాట్‌ను తారుమారు చేసేవాళ్ళ సంగతి సరేసరి.

గోడపటం సంగతి వేరు. గుడ్డ మీద అతికించి, పైనా కిందా కర్రలు బిగించి ఉండేది. కొత్తది రావడం కష్టం, దేశం మాత్రం ఆగేది కాదు. 2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాంచల్, జార్ఖండ్ పుడితే ఎర్ర స్కెచ్‌పెన్నుతో నేనే సరిహద్దులు గీశాను. బొంబాయి, మద్రాసు పేర్ల మీద అప్పటికే కాగితం ముక్కలు అతికించి ఉన్నాయి. 2014 జూన్ 2 తర్వాత అతికించడం కుదరలేదు. రాష్ట్రపటం ఉన్నపళంగా రెండైంది. అవతల తెలంగాణలో 2016 దసరాకు పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33. ఏడాదికోసారి మారే ఈ గీతలకు ఇంత టైము పోసి, మారని నేలల గురించి, వానల గురించి, పంటల గురించి అరగంట కూడా చెప్పలేకపోవడం నాకు ఎప్పుడూ కొరుకుడుపడలేదు.

సంస్కృతి పాఠం ఇంకా అన్యాయం. పుస్తకాల షాపులో ‘మన రాష్ట్రాలు’ చార్టు దొరికేది. పంజాబ్ అంటే భాంగ్రా, కేరళ అంటే కథాకళి, అస్సాం అంటే బిహు. పంద్రాగస్టుకు పిల్లలకు ఆ వేషాలు వేయించి భిన్నత్వంలో ఏకత్వం అయిందనిపించేవాళ్ళం. అదే క్లాసులో ఒక లంబాడీ అమ్మాయి, ఒక యానాది పిల్లవాడు కూర్చునేవాళ్ళు. వాళ్ళ గురించి చార్టులో ఒక్క బొమ్మ లేదు. నదీముఖం పాఠం చెబుతుంటే ఆ పిల్లవాడు చెయ్యెత్తాడు. మన్నేరు సముద్రంలో కలిసే చోట ఇసుక అడ్డుకట్ట పడుతుందని, వరదొస్తే తెగుతుందని, తెగిన రోజుల్లో ఏ వలతో ఎక్కడ నిలబడాలో వాళ్ళ తాతకు తెలుసని చెప్పాడు. పుస్తకంలో దానికి రెండు లైన్లున్నాయి. మిగతా పీరియడంతా వాడికే ఇచ్చేశాను.

2012లో వచ్చిన ఆరో తరగతి పుస్తకం నాకు నచ్చింది ఇందుకే. కృష్ణా డెల్టాలో పెనమకూరు, పీఠభూమిలో డోకూరు, కొండ మీద పెనుగోలు. మూడు నిజమైన ఊళ్ళు. ఒకచోట కాలవ నీళ్ళు, ఒకచోట బోర్లు ఎండిపోతే వలసలు, ఒకచోట పోడు. నేల మారితే బతుకు ఎలా మారుతుందో పదకొండేళ్ళ పిల్లకు కూడా తెలిసేలా రాశారు. మనవాళ్ళు ఊరుకుంటారా? ఏడాది తిరక్కుండానే గైడుల్లో ‘పెనుగోలు ఏ జిల్లాలో ఉంది?’ అని బిట్టు వచ్చేసింది.

పుస్తకంలో ఒక వాక్యం మాత్రం నేను ప్రతిసారీ సవరించి చెప్పేదాన్ని. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ మీదుగా పోతుందని రాస్తారు. అట్లాసు తెరిచి చూస్తే కాకినాడ దానికి కాస్త పడమరగా ఉంటుంది. గీత అన్నవరానికి, తునికి మధ్య రైలుకట్టను దాటుతుంది. పిల్లల్ని రైల్లో విశాఖ ఎక్స్‌కర్షన్‌కు తీసుకెళ్ళినప్పుడు అన్నవరం దాటగానే కిటికీల దగ్గరికి పిలిచాను. “ఏదీ గీత, మేడమ్?” అన్నారు. దేశంలో గడియారాలన్నీ ఇక్కడి సూర్యుణ్ణి చూసి తిరుగుతాయంటే ఒకడు వాచీ తీసి చూసుకున్నాడు.

తీరరేఖ సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 974 కిలోమీటర్లని ముప్ఫై బ్యాచ్‌లు బట్టీ పట్టాయి. కేంద్ర హోంశాఖ ఈమధ్య కొత్త లెక్క చెప్పింది, 1,053.07 కిలోమీటర్లని. దేశం మొత్తానిది 7,516.6 నుంచి 11,098.81కి పెరిగింది. ఇందుకోసం సముద్రం వెనక్కి పోలేదు. పాత కొలత బాగా చిన్న స్కేలు పటం మీద తీసింది, కొత్తది 1:2,50,000 స్కేలు మీద. పటం పెద్దదైతే ఇంతకు ముందు కనపడని పాయలు, మొగలు, దిబ్బలు లెక్కలోకొస్తాయి. అట్లాసులో తీరం వెంట ఒకసారి లావు పురికొసను, ఇంకోసారి కుట్టుదారాన్ని పరిచి కొలిస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

మా చెల్లెలి కొడుకు గ్రూప్-2కు చదువుతూ ఈ మధ్య ఫోన్ చేసి తీరరేఖ ఎంతని అడిగాడు. రెండు అంకెలూ చెప్పి, పురికొస సంగతి, స్కేలు సంగతి వివరించాను. అంతా ఓపిగ్గా విని, “అదంతా సరే పెద్దమ్మా, కీలో ఏది పెడతారు?” అన్నాడు.