డిప్రెషన్ మందుల దుష్ప్రభావాలు, ఎర్రగడ్డ

హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి మూసాపేట వెళ్లే దారిలో ఉన్న ఎర్రగడ్డలో రెండు పెద్ద ప్రభుత్వాసుపత్రులున్నాయి: ఒకటి ఛాతీ ఆసుపత్రి, రెండోది మానసిక చికిత్సాలయం. డిప్రెషన్ మందుల పుట్టుకలో ఛాతీ రోగమూ మనోరోగమూ కలుస్తాయి. 1952లో అమెరికాలోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఐప్రోనియాజిడ్ ఇస్తే, దిగాలుగా పడి ఉన్నవాళ్లలో అనుకోని హుషారు కనిపించింది. తర్వాత దాన్నే డిప్రెషన్‌కు వాడారు. కాలేయాన్ని దెబ్బతీస్తోందని తేలాక చాలా దేశాలు మానుకున్నాయి. ఒక దుష్ప్రభావం వల్ల వెలుగులోకి వచ్చిన మందు మరో దుష్ప్రభావంతో మూలపడింది.

ఇప్పుడు ఎక్కువగా రాసేవి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ వంటి ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు, అంటే మెదడులో సెరటోనిన్ ప్రభావాన్ని పెంచే మందులు. మొదటి రోజుల్లో వికారం, విరేచనాలు, తలనొప్పి, నిద్ర చెడటం, చెమటలు మామూలే. చాలావరకు ఒకటి రెండు వారాల్లో తగ్గుతాయి. మందు గుణం కనిపించడానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. బాధ ముందు, మేలు తర్వాత. మధ్యలో మానేసేవాళ్లు చాలామంది ఈ సందులోనే మానేస్తారు. లైంగిక కోరిక తగ్గడం అంత త్వరగా పోదు. మొహమాటపడి రోగి చెప్పడు, కాబట్టి డాక్టరే అడగాలి. మందు మార్చినా, మోతాదు తగ్గించినా చాలామందికి సర్దుకుంటుంది.

పాతకాలపు అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్‌లతో నోరెండటం, మలబద్ధకం, లేవగానే కళ్లు తిరగడం ఎక్కువ. మోతాదు మించితే గుండెకు ప్రమాదం. మిర్టాజపిన్ నిద్రనూ బరువునూ పెంచుతుంది. పెద్దవయసువాళ్లలో, ముఖ్యంగా బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ కూడా వేసుకునేవాళ్లలో, ఎస్‌ఎస్‌ఆర్‌ఐల వల్ల రక్తంలో సోడియం పడిపోవచ్చు. అమ్మమ్మ ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే వయసు మీద నెట్టేయకుండా రక్తపరీక్ష చేయించాలి. పిల్లల్లో, 24 ఏళ్లలోపు యువతలో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ సంస్థ 2004లోనూ 2007లోనూ హెచ్చరికలు చేర్చింది. మొదటి వారాల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, కరెంటు తగిలినట్టు జివ్వుమనడం వస్తాయి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మానసిక చికిత్సాలయం వల్ల ఎర్రగడ్డ పేరు తెలుగువాళ్ల నోట తిట్టయింది. “ఎర్రగడ్డకు పంపాలి” అనడం వినని వాళ్లు అరుదు. ఆ మాటకు భయపడి డిప్రెషన్ మాత్రల సంగతి దాచేవాళ్లకే అసలు ముప్పు. నొప్పికి ట్రామడాల్ రాసే డాక్టరుకూ, మొండి క్షయకు లినెజోలిడ్ ఇచ్చే డాక్టరుకూ ఆ సంగతి తెలియాలి. ఎస్‌ఎస్‌ఆర్‌ఐలతో ఇవి కలిస్తే సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చు: వణుకు, కండరాలు ఎగిరిపడటం, జ్వరం, విపరీతమైన కలవరం. అలా కనిపిస్తే ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి, వేసుకుంటున్న మాత్రలన్నీ వెంట పట్టుకెళ్లాలి.