విశ్రాంతి ఎరుగని బ్యాటరీ

2023 జూన్ 20. న్యూయార్క్‌లో అర్ధరాత్రి దాటి పావుగంట. చైనాటౌన్, మాడిసన్ వీధి, 80వ నంబరు. ఆరంతస్తుల పాత భవనం. కింద ఎలక్ట్రిక్ సైకిళ్ళు బాగుచేసే దుకాణం, పైన కాపురాలు. ఆ రాత్రి దుకాణంలోని లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. పొగ మెట్లదారి పట్టి పైకెక్కింది. నలుగురు మనుషులు తెల్లవారడం చూడలేదు. వాళ్ళు చేసిందల్లా ఆ వేళకు తమ ఇళ్ళలో ఉండటమే.

ఆ ఏడాది ఆ నగరంలో లిథియం బ్యాటరీల వల్ల పుట్టిన మంటలు 268. పోయిన ప్రాణాలు 18. ముగింపు ఇదీ. ఇక చెప్పవలసింది అక్కడిదాకా ఎలా వచ్చామన్నదే. దారిలో ఆగగలిగిన చోట్లు ఎన్ని ఉన్నాయో చూస్తుంటే గొంతు పూడుకుపోతుంది.

మొదట్లో ఇది బతుకుతెరువు కథ. న్యూయార్క్‌లో యాప్‌ల ద్వారా భోజనాలు చేరవేసేవాళ్ళు 60,000 పైచిలుకు. మెక్సికో నుంచి, గ్వాటెమాలా కొండల నుంచి, బంగ్లాదేశ్ నుంచి, పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. 2020 వసంతంలో కరోనాకు జడిసి నగరం తలుపులు మూసుకున్నప్పుడు, ఆ తలుపుల ముందు అన్నం సంచి పెట్టి వెళ్ళింది వీళ్ళే. వంతెనలు ఎక్కుతూ దిగుతూ రోజంతా తిరగడానికి సొంత కాళ్ళు చాలవు. మోటారున్న సైకిలే వాళ్ళకు కాళ్ళయింది. ఆ సైకిలు మీద 2020 దాకా అక్కడ నిషేధం ఉండేది. పట్టుబడితే 500 డాలర్ల జరిమానా. ఆ ఏడాది నిషేధం తీసేశారు. సైకిలుకు రోడ్డు మీద చోటిచ్చారు. దాన్ని నడిపే బ్యాటరీకి రాత్రిపూట ఎక్కడ చోటన్నది మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. చోటు లేని బ్యాటరీ ఇంట్లోకి వచ్చింది. మంచం పక్కకు, వంటగట్టు మీదికి, బయటికి దారి తీసే ఒకే ఒక్క తలుపు దగ్గరికి.

నిజానికి బ్యాటరీ ప్యాక్ కట్టడం ఎంతో అందమైన పని. వేలెడేసి సెల్లు, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. నాలుగేసి కలిపితే ఒక జట్టు. అలాంటి జట్లు పదమూడు వరసగా కలిపితే 52 సెల్లతో 48 వోల్టుల ప్యాక్. కలిపే ముందు ఒక్కో సెల్లునూ నిండా నింపి, పూర్తిగా దించి, ఎంత పట్టిందో రాసుకోవాలి. మళ్ళీ నింపి వారాల తరబడి పక్కన పెట్టాలి. ఏ పనీ చేయకుండానే వోల్టేజీ జారిపోయేదాన్ని ఏరి తీసేయాలి. ఒకే వయసు, ఒకే సత్తువ ఉన్నవాటినే జట్టుకట్టాలి. సెల్లు ఒళ్ళంతా మైనసే. ప్లస్ మొనకూ ఆ ఒంటికీ నడుమ ఎడం చాలా తక్కువ. అందుకని ప్రతి మొన చుట్టూ చిన్న కాగితపు రింగు అతికిస్తారు. ఆపైన నికెల్ పట్టీ పరిచి, స్పాట్ వెల్డర్ సూదులు రెండూ ఆనిస్తే చిటుక్కుమని ఒక చుక్క మెరుస్తుంది. ఆ చుక్కే అతుకు. సెల్లుకు సోల్డరింగ్ పెట్టరు, ఆ వేడి లోపలికి దిగితే ప్రమాదం. చివరికి జట్టుకొక సన్నని వైరు తీసి బీఎంఎస్ అనే బోర్డుకు కలుపుతారు. ఎక్కువ నింపకుండా, మరీ దించకుండా కాపలా కాసేది అదే.

ఆ కాపలాకూ ఒక చూపు లోపం ఉంది. అది జట్టునే చూస్తుంది, జట్టులోని ఒక్కరిని చూడలేదు. పల్లకి మోసే నలుగురిలో ఒకరి భుజం కుంగినా, మిగతా ముగ్గురూ బరువు పంచుకుంటే పల్లకి సాగిపోతూనే ఉంటుంది. నీరసపడ్డ సెల్లు కథా అంతే. వోల్టేజీ సరిగానే కనిపిస్తుంది. ఛార్జర్ మీద పచ్చదీపం వెలుగుతుంది. లోపల ఏదో మొదలై ఉంటుంది.

ఒక్కో సెల్లునూ వారాల తరబడి పరీక్షించే ఓపిక ఎవరికుంటుంది? కొత్త ప్యాక్ వందల డాలర్లు. బ్యాటరీ పోయిన రోజు సంపాదన లేదు. అందుకని చచ్చిపోయిన ప్యాకులు విప్పి, ఊపిరి మిగిలిన సెల్లు ఏరి, పైన కొత్త ప్లాస్టిక్ తొడుగు వేసి, మరో ప్యాక్ కట్టి చవకగా అమ్మే వ్యాపారం పుట్టుకొచ్చింది. తొడుగు నీలంగా నిగనిగలాడుతుంది. దాని కింద సెల్లు వయసెంతో, ఎన్నిసార్లు పూర్తిగా ఎండిపోయిందో కొన్నవాడికి తెలిసే దారి లేదు. మరీ కిందికి దిగిపోయిన సెల్లులో రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్ళీ ఛార్జింగు పెడితే ఆ రాగి పోకూడని చోట పేరుకుంటుంది. ఒకనాటికి ప్లస్సునూ మైనస్సునూ కలిపేస్తుంది.

దానికి తోడు న్యూయార్క్ చలికాలం. సున్నా డిగ్రీల కన్నా చల్లబడ్డ సెల్లును ఛార్జింగు పెడితే లిథియం లోపలికి ఇంకదు, లోహమై పైపైనే పేరుకుంటుంది. బయటినుంచి తెచ్చిన ప్యాకును వెచ్చబడేదాకా ఊరికే ఉంచాలి. కానీ రాత్రి భోజనాల వేళ ఎవరి కోసమూ ఆగదు. అది దాటితే ఆ రోజు కూలి పోయినట్టే. మంచు కరిగించడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పునీరు ప్యాకులోకి చిమ్ముతుంది. గుంతల కుదుపుకు అతుకులు వదులవుతాయి. ఒక ప్యాక్ ఛార్జర్ మరో ప్యాకుకు తగిలిస్తారు. 54.6 వోల్టుల దగ్గర ఆగవలసినది 58.8కి పరుగెడుతుంది. బీఎంఎస్ అడ్డుపడితే సరే. అదీ చవకదైతే?

నన్ను కలచివేసేది ఇదే. ఆ బ్యాటరీకి కావలసింది విశ్రాంతి. కాస్త చల్లారనివ్వడం, కాస్త వెచ్చబడనివ్వడం, మనిషి మెలకువగా ఉన్నప్పుడు మాత్రమే నింపడం. దాన్ని మోసుకు తిరిగే మనిషికి కరువైందీ అదే. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే అలసటతో, పక్కపక్కనే పడుకున్నారు.

ఆగగలిగిన చోట్లంటే ఇవీ. 2022 ఆగస్టులో అగ్నిమాపక శాఖ ఇదే మాడిసన్ వీధి దుకాణాన్ని తనిఖీ చేసింది. బ్యాటరీల సంఖ్యలో, ఛార్జింగు తీరులో తప్పులు పట్టింది. 1,600 డాలర్ల జరిమానా పడింది. దుకాణం మాత్రం నడుస్తూనే ఉంది. ఆ అక్టోబరులో నగరపాలకులు ఒక మంచి మాట ప్రకటించారు. వాడుకలో లేని పత్రికల స్టాళ్ళను డెలివరీ కార్మికులకు ఇస్తామని, అక్కడ ఛార్జింగు పెట్టుకోవచ్చు, కాసేపు కూర్చోవచ్చని. మొదటిది సిటీ హాల్ దగ్గరే అన్నారు. అక్కడి నుంచి మాడిసన్ వీధికి నడిచి వెళ్ళొచ్చు. ఎనిమిది నెలలు గడిచాయి. ఆ స్టాలు తెరుచుకోలేదు.

ఈలోగా, 2022 నవంబరు 5న, తూర్పు 52వ వీధిలోని ఒక భవనంలో ఇరవయ్యో అంతస్తు అంటుకుంది. ఇంట్లోనే సైకిళ్ళు బాగుచేసే చోటది. కిటికీకి వేలాడుతున్నవాళ్ళను అగ్నిమాపక సిబ్బంది తాళ్ళతో దిగి పట్టుకున్నారు. చాలామంది గాయపడ్డారు, ఎవరూ చనిపోలేదు. ఆ సాహసానికి ఊరంతా చేతులెత్తి మొక్కింది. మొక్కదగిందే. కానీ ఎవరూ చావలేదన్న ఆ ఊరటలోనే ఆ హెచ్చరిక చప్పబడిపోయిందేమోనని నాకనిపిస్తుంది.

2023 మార్చి 20న చట్టాలు వచ్చాయి. పాత సెల్లు ఏరి కట్టిన ప్యాకుల అమ్మకాన్ని ఒకటి నిషేధించింది. భద్రతా పరీక్ష నెగ్గని బ్యాటరీ, నెగ్గని సైకిలు అమ్మకూడదని మరొకటి. ఆ రెండోది అమల్లోకి వచ్చింది సెప్టెంబరు 16న. మాడిసన్ వీధి రాత్రి ఆ రెండు తేదీల నడిమధ్యన పడింది.

మనకూ ఇలాంటి రాత్రి ఒకటి ఉంది. 2022 సెప్టెంబరు 12. సికింద్రాబాద్. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి. కింద మంట, పైకి పొగ, ఎనిమిది మంది మృతి. మాడిసన్ వీధికి తొమ్మిది నెలల ముందు, భూగోళానికి ఆవలి వైపున, అదే మెట్లదారి. పరాయి ఊళ్ళో ఊరికే బస చేసినవాళ్ళు వాళ్ళు. న్యూయార్క్ వార్త చదివిన రోజు నాకు ముందుగా గుర్తొచ్చింది వాళ్ళే.

ఒక సెల్లు అంటుకుంటే దాని వేడికి పక్కది, దాని వేడికి ఆ పక్కది. ముందు తెల్లని ఆవిరి, తరవాత పేలుడు. గదిలోని మనిషి లేచి తలుపు చేరే వ్యవధి కూడా ఇవ్వదని న్యూయార్క్ అగ్నిమాపక అధికారులు పదేపదే చెప్పారు. తలుపు దగ్గరే ప్యాక్ ఉంటే ఆ తలుపే లేదు.

మాడిసన్ వీధి మంట ఆరిన కొన్ని రోజులకే, అదే జూన్‌లో, న్యూయార్క్‌లో ఛార్జింగు కేంద్రాలకు అమెరికా కేంద్ర ప్రభుత్వం 2.5 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. 2024 ఫిబ్రవరి 29న కూపర్ స్క్వేర్‌లో రోడ్డు పక్కన బ్యాటరీలు మార్చుకునే బీరువా తెరిచారు. ప్రయోగంగా వంద మందికి. ఖాళీ అయిన ప్యాక్ ఒక అరలో పెట్టి, నిండినది మరో అర నుంచి తీసుకోవచ్చు. ఇంటికి మోసుకెళ్ళే పని లేదు. అంత చిన్న ఉపకారం అది.

2024లో మంటలు 277. అంతకు ముందు ఏటికన్నా ఎక్కువే. మృతులు మాత్రం 6. మంటలు ఇళ్ళలో తగ్గి బయట పెరిగాయి, అందువల్ల. మంట పుట్టే చోటు మారితే చాలునని తేలింది. ఆ లెక్క చూసి సంతోషించాలని తెలుసు. అది తేలడానికి ముందే వెళ్ళిపోయిన ఆ నలుగురి వైపే మనసు మళ్ళుతోంది.