ఇంటర్వ్యూ తరువాతి కృతజ్ఞతా మెయిల్: విద్యార్థులకు నేర్పవలసిన తీరు

ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వెళ్లివచ్చిన అభ్యర్థి, తనతో మాట్లాడిన అధికారికి ఆ సాయంత్రమో మరునాడో పంపే నాలుగైదు వాక్యాల ఈ-మెయిలును కృతజ్ఞతా మెయిల్ అంటారు. అమెరికాలో ఇది చాలాకాలంగా ఉన్న మర్యాద. అక్కడ పూర్వం కాగితంపై వ్రాసి తపాలాలో వేసేవారు, తరువాత అదే ఈ-మెయిలుగా మారింది. మన దేశంలో దీనిని అందరూ ఆశించరు. అయితే హోసూరుకు బెంగళూరు 40 కిలోమీటర్ల దూరమే గనుక, అక్కడి బహుళజాతి సంస్థలకు దరఖాస్తు చేసే ఈ సరిహద్దు ప్రాంతపు పిల్లలకు దీనితో పని పడుతూనే ఉన్నది.

పని పడే చోట్లు హోసూరులోనూ తక్కువేమీ కాదు. 1971లో ఏర్పడిన సిప్కాట్ ఇక్కడ పారిశ్రామికవాడను నెలకొల్పిన తరువాత 1980 ప్రాంతంలో అశోక్ లేలాండ్, టీవీఎస్ కర్మాగారాలు, ఆ దశాబ్దంలోనే టైటాన్ గడియారాల కర్మాగారం వచ్చాయి. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుండి విడివడి కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. ఇటీవలి సంవత్సరాలలో టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో వేలమంది యువతులు చేరారు. తళి, బాగలూరు, డెంకణికోట, శూలగిరి, వేపనపల్లి పల్లెలలో రాగి, టమోటా, గులాబి సాగు చేసే కుటుంబాల పిల్లలు ఐ.టి.ఐ., డిప్లొమా, ఇంజనీరింగు చదివి ఈ గేట్ల ముందు నిలబడుతున్నారు. వారికి పని వచ్చును. ఇంటర్వ్యూలో తడబడినా చేతిపనిలో తడబడరు. తాము ఎవరో, ఏమి చేయగలరో నాలుగు వాక్యాలలో వ్రాయమన్నప్పుడే చిక్కు మొదలవుతుంది.

మనవి వేరు, కృతజ్ఞత వేరు

ఈ ప్రాంతపు కుటుంబాలకు బాగా అలవాటైన లేఖ మనవిపత్రం. సోమవారం నాడు కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజాఫిర్యాదుల దినానికి వెళ్లేవారు పట్టా కోసమో, పింఛను కోసమో, దారి కోసమో మనవి వ్రాయించుకొని వెళతారు. అందులో పేదరికాన్ని చెప్పుకోవాలి, దయ చూపమని అడగాలి. అక్కడ అది సరైన పద్ధతే. పాఠశాలలో తమిళంలోనైనా ఇంగ్లీషులోనైనా నేర్చిన సెలవుచీటీ కూడా ఆ కుటుంబానికి చెందినదే: పంపువారు, పొందువారు, అయ్యా, విధేయుడు. కృతజ్ఞతా మెయిల్ వ్రాయమంటే విద్యార్థి చేయి సహజంగా ఆ దారినే పోతుంది. “మాది బీద కుటుంబము, నాన్నగారికి ఆరోగ్యము బాగుండదు, దయతో ఈ ఉద్యోగము ఇప్పించవలెను, మీ మేలు జన్మలో మరువను” అని వ్రాస్తాడు.

ఇందులో అబద్ధం ఏమీ లేకపోవచ్చు. కాని చదివే అధికారికి అది ఇబ్బంది కలిగిస్తుంది. ఆయన ఇంకా ఏ మేలూ చేయలేదు. చేసినదల్లా, తన పనిదినంలో అరగంట ఈ అభ్యర్థికి ఇవ్వడం. కృతజ్ఞత ఆ అరగంటకే, ఉద్యోగానికి కాదు. ఉపాధ్యాయుడు మొదట నేర్పవలసినది ఈ భేదం. ఇది మనసుకు ఎక్కితే తక్కిన వాక్యాలు వాటంతట అవే సరిపడతాయి.

తెలుగు ఇళ్లలో ఒకరికొకరు కృతజ్ఞతలు చెప్పుకొనే వాడుక తక్కువ అన్న సంగతి కూడా ఇక్కడ గమనించాలి. అమ్మ అన్నం వడ్డిస్తే ధన్యవాదములు అనే బిడ్డ ఉండడు, అంటే అమ్మ నవ్వుతుంది. అందువల్ల ఆ మాట వ్రాయవలసి వచ్చినప్పుడు పిల్లలు బొత్తిగా వదిలివేయడమో, పండుగ పందిరిలో సన్మానపత్రం చదివినట్లు వ్రాయడమో జరుగుతుంది. “థాంక్యూ” అన్న చిన్నమాట ఒక్కసారి, మొదటి వాక్యంలో వస్తే చాలు.

ఒక మాదిరి

డిప్లొమా చదివిన విద్యార్థి నాణ్యతా తనిఖీ పనికి ఇంటర్వ్యూకు వెళ్లివచ్చాడని అనుకుందాం. అతని మెయిల్ భావం తెలుగులో ఇలా ఉండవచ్చు:

“నమస్కారమండి. ఈ ఉదయం నాతో అరగంటసేపు మాట్లాడినందుకు కృతజ్ఞతలు. షాఫ్టు వ్యాసాన్ని 0.01 మిల్లీమీటరు వరకు కొలవడానికి ఏ పరికరం కావాలని మీరు అడిగినప్పుడు వెర్నియర్ కాలిపర్ అన్నాను. మా వర్క్‌షాపులోని వెర్నియర్‌తో 0.02 మిల్లీమీటరు వరకే కొలవగలం. మైక్రోమీటరు అని చెప్పవలసింది. రాత్రి షిఫ్టు ఉంటుందని మీరు వివరించారు, అది నాకు సమ్మతమే. మీరు అడిగిన ఆఖరి సెమిస్టరు మార్కుల జాబితాను జతచేశాను.”

క్రింద పేరు, చదువు, ఫోను నంబరు. అంతే. విషయం వ్రాసే గడిలో ఉద్యోగం పేరు, ఇంటర్వ్యూ తేదీ ఉండాలి. ఆ గడిని ఖాళీగా వదలరాదు.

ఈ మాదిరిలో పొగడ్త ఒక్కటీ లేదు. మాట్లాడిన విషయం ఒకటి, పనికి సుముఖత ఒకటి, అడిగిన కాగితం ఒకటి ఉన్నాయి. తప్పు చెప్పిన జవాబును సరిచేయడం మంచిదా అని కొందరు ఉపాధ్యాయులు సందేహిస్తారు. సరైన జవాబు నిశ్చయంగా తెలిసి, ఒకటి రెండు వాక్యాలలో ముగించగలిగితే మంచిదే. ఇంటికి వచ్చి పుస్తకం తిరగవేశాడని దానివల్ల తెలుస్తుంది. మూడు నాలుగు తప్పులను ఏకరువు పెట్టడం మాత్రం కూడదు.

అభ్యర్థి వ్రాసినది బాగున్నదో లేదో చూడడానికి ఒక సులువైన పరీక్ష ఉన్నది. కంపెనీ పేరు కొట్టివేసి వేరొక కంపెనీ పేరు పెట్టినా ఆ మెయిల్ చక్కగా అతికితే, అది తిరిగి వ్రాయవలసినదే. చాట్‌జీపీటీ వంటివి 2022 చివరినుండి అందుబాటులోకి వచ్చాక ఈ పరీక్ష మరింత అవసరమైంది. ఆ యంత్రం వ్రాసే మెయిల్ తప్పులు లేకుండా ఉంటుంది. ఒకే తరగతిలోని ఇరవైమంది దానినే అడిగితే ఇంచుమించు ఒకే ఉత్తరం ఇరవైమార్లు వెళుతుంది. గదిలో జరిగిన మాట దానికి తెలియదు గదా! ముందు విద్యార్థి తానే వ్రాసి, ఆ తరువాత వ్యాకరణం దిద్దించుకోవడానికి వాడుకుంటే అభ్యంతరం లేదు.

మూడు భాషల మధ్య

2006 నాటి చట్టం ప్రకారం 2006-07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి తమిళాన్ని ఏటేటా పై తరగతులకు నిర్బంధం చేస్తూ వచ్చారు. ఫలితంగా ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం వ్రాసి, ఇంటర్వ్యూలో ఇంగ్లీషుకు మారవలసిన తరం ఇప్పుడు ఉద్యోగాల వయసుకు వచ్చింది. వీరిలో తెలుగు వ్రాయలేనివారు కూడా ఉన్నారు. అయినా తెలుగులో చెప్పలేనివారు లేరు. కనుక తరగతిలో మొదట నోటితో చెప్పించడం మేలు. “ఆయన నిన్ను ఏమి అడిగారు? నువ్వేమన్నావు? ఇంకేమి పంపమన్నారు?” అని అడిగితే పిల్లవాడు ఇంటి తెలుగులో గడగడా చెబుతాడు. ఆ మూడు జవాబులే మెయిల్. వాటిని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా మార్చడం తరువాతి పని. ఈ క్రమాన్ని తిప్పివేసి మొదటే ఇంగ్లీషులో వ్రాయమంటే, గుర్తున్న పాఠ్యపుస్తకపు వాక్యాలే కాగితం మీదికి వస్తాయి.

తమిళనాడు ప్రభుత్వం 2022 మార్చి 1న ప్రారంభించిన ‘నాన్ ముదల్వన్’ పథకం కింద కళాశాలల్లో ఇంగ్లీషు, ఇంటర్వ్యూ శిక్షణ ఇస్తున్నారు. అక్కడ జరిపే నమూనా ఇంటర్వ్యూ ముగియగానే పది నిమిషాలు కేటాయించి ఈ మెయిల్ వ్రాయిస్తే వేరే పాఠం అక్కరలేదు.

సంబోధనలో ఒక చిక్కు ఉన్నది. ‘రెస్పెక్టెడ్ సర్’ అనడం ఈ దేశంలో తప్పు కాదు. బహుళజాతి సంస్థలలో ‘డియర్’ అని, ‘మిస్టర్’ లేక ‘మిజ్’ చేర్చి పేరు వ్రాస్తారు. తమిళుల పేర్లలో ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరు మొదటి అక్షరమే ముందుంటుంది. అటువంటప్పుడు ఆ అక్షరాన్ని కాక అసలు పేరునే వ్రాయాలి. ఉత్తరాదివారికి చివరి పేరు వాడాలి. ఆడో మగో తెలియనప్పుడు పూర్తి పేరు వ్రాస్తే ఏ గొడవా లేదు. అన్నా, బ్రో, హాయ్ వంటివి ఎంత చనువుగా మాట్లాడినా కూడవు. ‘యువర్స్ ఒబీడియెంట్లీ’ సెలవుచీటీకే పరిమితం, ఇక్కడ ‘రిగార్డ్స్’ చాలు.

విద్యార్థి తన పేరు విషయంలోనూ జాగ్రత్త పడాలి. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, త, ద లకు ఒకే అక్షరం. అందువల్ల తెలుగు పేర్లు ఇంగ్లీషులోకి వచ్చేసరికి పదవ తరగతి మార్కుల జాబితాలో ఒక తీరుగా, ఆధార్‌లో ఒక తీరుగా ఉండే అవకాశం ఉన్నది. మెయిల్ క్రింద మార్కుల జాబితాలోని తీరునే వ్రాయాలి.

చిరునామా ఎవరిది?

చాలా కుటుంబాలు గమనించని విషయం ఇదే. దరఖాస్తును బ్రౌజింగ్ సెంటరులోనో, సెల్‌ఫోన్ దుకాణంలోనో నింపించినప్పుడు, దుకాణదారు తన సొంత మెయిల్ చిరునామానే అందులో పెట్టివేయడం కద్దు. అప్పుడు ఇంటర్వ్యూ పిలుపు, నియామకపు ఉత్తరం అతని పెట్టెలోకి పోతాయి. అతడు చూస్తే చూసినట్లు, లేకుంటే లేదు. కృతజ్ఞతా మెయిల్ నేర్పే పాఠం విద్యార్థి పేరుతో సొంత చిరునామా తెరవడంతోనే ప్రారంభం కావాలి. సంకేతపదం ఇంటి నోటుపుస్తకంలో వ్రాసి దాచుకోవాలి. నంబరు మార్చినప్పుడల్లా ఆ చిరునామాకు కట్టిన ఫోను నంబరును కూడా మార్చాలి.

జీమెయిలులో పంపిన వెంటనే వెనక్కు తీసుకొనే వీలున్నది. మామూలుగా 5 సెకన్లే ఉండే ఆ గడువును సెట్టింగులలో 30 సెకన్ల వరకు పెంచుకోవచ్చు. జతచేయడం మరచిన మార్కుల జాబితా సరిగ్గా ఆ క్షణంలోనే గుర్తుకు వస్తుంది!

ఈ మెయిల్ పంపకూడని చోట్లు కూడా ఉన్నాయి. ప్రభుత్వ నియామకాలలో ఇంటర్వ్యూ చేసినవారికి లేఖలు వ్రాయరాదు. సిఫారసుకు ప్రయత్నించిన అభ్యర్థి అనర్హుడని ఆ ప్రకటనలలోనే ఉంటుంది. కర్మాగారం గేటు వద్ద వందలమందిని ఒకేరోజు చూసే నియామకాలలో అధికారి చిరునామా దొరకదు, దానికోసం వెదకనూ అక్కరలేదు. మామిడిగుజ్జు తయారుచేసే చిన్న కర్మాగారంలో యజమానే స్వయంగా మాట్లాడితే, ఆయన ఇచ్చిన నంబరుకు వాట్సాప్‌లో రెండు వాక్యాలు పంపడం సముచితం. ఆయన తెలుగువారైతే తెలుగులోనే పంపవచ్చు.

తల్లిదండ్రులు ఒక్క విషయం తెలుసుకొని ఉండాలి. ఈ మెయిల్ ఒక్కటే ఎవరికీ ఉద్యోగం తెచ్చిపెట్టదు. ఇద్దరు సమానంగా ఉన్నప్పుడు ఒకరి పేరు గుర్తుండడానికి తోడ్పడవచ్చు, అంతవరకే. జవాబు రాకపోతే వారం తరువాత ఒక్కసారి మర్యాదగా అడగవచ్చు, రోజూ అడగరాదు.

జవాబు వచ్చినప్పుడు మాత్రం ముందుగా అది ఏ చిరునామా నుండి వచ్చిందో చూడాలి. కంపెనీ పేరు చెప్పుకొంటూ, సొంత జీమెయిల్ చిరునామా నుండి యూనిఫారానికో, లాప్‌టాపుకో, డిపాజిట్టుకో డబ్బు కట్టమని వచ్చిన ఉత్తరం మోసమని అనుమానించి, ఆ కంపెనీ కార్యాలయానికి ఫోను చేసి అడగాలి. అప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. అది సైబర్ ఆర్థిక మోసాలపై ఫిర్యాదు చేయడానికి కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన నంబరు. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బును బ్యాంకులో నిలిపివేయడానికి అంత ఎక్కువ వీలుంటుంది.